శనాదివారాల ఎంబీఏ: ‘పార్ట్‌టైమ్’ అంటే ఎంత, ‘ఇన్నోవేషన్’ అంటే ఏమిటి?

భీమవరంలో రొయ్యల మేత కంపెనీ ఏరియా మేనేజరుకీ, రాజమండ్రిలో బ్యాంకు ఆఫీసరుకీ, మండపేటలో తండ్రి రైస్ మిల్లు చూసుకుంటున్న బీటెక్ కుర్రాడికీ ఈమధ్య ఒకేరకం ఫోన్లు వస్తున్నాయి. “సార్, ఉద్యోగం మానక్కర్లేదు. ఇన్నోవేషన్‌లో ఎంబీఏ. సీట్లు అయిపోతున్నాయి, ఇవాళే లాస్ట్ డేట్.” మర్నాడు చేసినా ఇవాళే లాస్ట్ డేట్.

ఇలాంటి చదువులు నిజంగానే ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. చిక్కంతా ఆ ఫోన్లో వినిపించే రెండు మాటల దగ్గర. ‘పార్ట్‌టైమ్’ అన్న మాట మన టైము ఎంత తింటుందో చెప్పదు. ‘ఇన్నోవేషన్’ అన్న మాట ఏం నేర్పుతారో చెప్పదు. ఆ రెండింటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది: చివర్లో చేతికొచ్చే కాగితం.

చేతికొచ్చేది డిగ్రీయా, డిప్లొమానా, సర్టిఫికెట్టా?

మన దేశంలో డిగ్రీ ఎవరు పడితే వాళ్లు ఇవ్వడానికి లేదు. 1956 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చట్టం ప్రకారం యూనివర్సిటీలు, డీమ్డ్ యూనివర్సిటీలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థలే ఇవ్వాలి. అందుకే చాలాకాలం ఐఐఎంలు కూడా ఎంబీఏ అనకుండా పీజీ డిప్లొమా అనే ఇచ్చాయి. 2017లో చేసిన ఐఐఎం చట్టం 2018 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చాక వాటికి డిగ్రీ ఇచ్చే అధికారం వచ్చింది. అంతమాత్రాన ఐఐఎం పేరున్న ప్రతి కోర్సూ డిగ్రీ కాదు. ఉద్యోగుల కోసం నడిపే వాటిలో చాలావరకు సర్టిఫికెట్ కోర్సులే.

డిగ్రీ కాకపోతే విలువ లేదా అంటే, అదీ కాదు. 2001లో హైదరాబాద్‌లో మొదలైన ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఇచ్చేది యూజీసీ డిగ్రీ కాదు. అయినా పెద్ద కంపెనీలు దాన్ని తక్కువ చేసి చూడవు. కానీ ప్రభుత్వ ప్రమోషనుకో, రేపు కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికో, పీహెచ్‌డీకో వాడుకుందామనుకునేవాళ్లకి మాత్రం డిగ్రీయో, దానితో సమానమని గుర్తింపు ఉన్న అర్హతో కావాలి. ‘ఎంబీఏ స్థాయి కోర్సు’ అనే మాటకి చట్టంలో అర్థం లేదు.

తేడా పట్టుకోవడానికి ఫీజు కాగితంలో ఒక ఆనవాలు దొరుకుతుంది. చట్టం గుర్తించిన అర్హతకు దారితీసే చదువుకి జీఎస్టీ మినహాయింపు ఉంది. సర్టిఫికెట్ కోర్సుకి మామూలుగా 18 శాతం పడుతుంది. ఫీజు పక్కన చిన్న అక్షరాల్లో ‘జీఎస్టీ అదనం’ అని కనిపిస్తే, అది డిగ్రీయేనా అని ఇంకోసారి అడగాల్సిందే. ఇదొక్కటే రుజువు కాదు గానీ, ఫోన్ చేసే కౌన్సెలర్ నోటిమాట కంటే నమ్మదగ్గ సంగతి.

నాలుగు పేర్లు, నాలుగు రకాల చదువు

మా వైపు పెద్దవాళ్లకి ఇంటి దగ్గర కూచుని చదివేదంతా ‘కరస్పాండెన్స్’ కిందే లెక్క. ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్య 1972 నుంచి ఉంది, కేంద్ర ప్రభుత్వ దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నో 1985లో వచ్చింది, కాబట్టి ఆ అలవాటు పాతదే. ఇప్పుడు ఆ ఒక్క మాటలో కనీసం నాలుగు రకాలు కలిసిపోయాయి.

పార్ట్‌టైమ్ అంటే మామూలు కాలేజీ చదువే, సాయంత్రాలో శనాదివారాలో క్లాసులో కూచోవాలి. ఎగ్జిక్యూటివ్ అంటే ఇన్నేళ్ల అనుభవం ఉంటేనే చేర్చుకుంటారు, క్లాసంతా ఉద్యోగులే. ఈ పద్ధతికి మొదలు అమెరికాలో షికాగో యూనివర్సిటీ, 1943లో. దూరవిద్య అంటే పుస్తకాలు ఇంటికొస్తాయి, స్టడీ సెంటర్లో అప్పుడప్పుడు క్లాసులు. ఆన్‌లైన్ అంటే పాఠం నుంచి అసైన్‌మెంట్ దాకా తెర మీదే.

చివరి రెండింటి గురించే ఎక్కువమందికి టెన్షన్. 2020లో యూజీసీ వీటికి కొత్త నిబంధనలు తెచ్చింది. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో తెచ్చుకున్న డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో స్పష్టం కూడా చేసింది. కానీ ఆ యూనివర్సిటీకి ఆ కోర్సు, ఆ సంవత్సరం నడపడానికి అనుమతి ఉండాలి. అది యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. ఫ్రాంచైజీ పద్ధతిని నిబంధనలు ఒప్పుకోవు. ఫోన్ చేసే ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ కోర్సులు అమ్మిపెట్టే) కంపెనీ ప్రచారం చెయ్యొచ్చు, వీడియోలు నడిపే సాఫ్ట్‌వేర్ ఇవ్వొచ్చు, అంతే. చేర్చుకోవడం, పరీక్ష పెట్టడం, పట్టా ఇవ్వడం యూనివర్సిటీ పని.

చట్టం సమానమన్నంత మాత్రాన ఇంటర్వ్యూ చేసేవాడి కళ్లకి రెండూ ఒకేలా ఆనాలని లేదు. చట్టం అర్హతను సమానం చేస్తుంది, పేరుప్రతిష్ఠల్ని చెయ్యదు.

వారానికి 29 గంటలు

ఇక మొదటి మాట. క్రెడిట్ అన్నది చదువుకి కొలమానం. యూజీసీ దూరవిద్య నిబంధనల్లో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. క్లాసు, పుస్తకం, అసైన్‌మెంట్, పరీక్షకి చదువుకోవడం అన్నీ కలిపి.

ఒక ఎంబీఏ 100 క్రెడిట్లు అనుకుందాం. 3,000 గంటలు. రెండేళ్లంటే 104 వారాలు. భాగిస్తే వారానికి దాదాపు 29 గంటలు. ‘శనాదివారాలు చాలు సార్’ అన్న మాటని ఈ అంకె పక్కన పెట్టి చూడండి. రెండు రోజులూ పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా భోజనానికి కూడా లేవకుండా కూచుంటే సరిపోతుంది.

నిజానికి అందరూ అన్ని గంటలు చదవరు. సగం చదివి గట్టెక్కేవాళ్లు బోలెడుమంది. అదే చదువుని నాలుగేళ్లకి సాగదీస్తే వారానికి 14 గంటలపైనే, అంటే రోజుకి రెండు గంటలు పడుతుంది. అందుకని ‘ఎంత త్వరగా అయిపోతుంది’ అన్న ప్రశ్న కంటే ‘ఎంత ఆలస్యంగా పూర్తి చెయ్యనిస్తారు’ అన్నది మా గోదావరి డెల్టాలో పనిచేసుకునేవాళ్లకి ముఖ్యం.

ఎందుకంటే ఇక్కడి పనికి దాని క్యాలెండర్ దానికుంది. సార్వా (ఖరీఫ్ వరి) మాసూళ్లు, అంటే కోతలూ నూర్పిళ్లూ, నవంబరు, డిసెంబరు. దాళ్వా (రబీ వరి) ఏప్రిల్, మే. ఆ రోజుల్లో మిల్లు దగ్గర ధాన్యం లారీలు బారులు తీరి ఉంటే మిల్లు చూసుకునే కుర్రాడు పుస్తకం ముట్టుకోలేడు. ఇగ్నో టర్మ్ పరీక్షలు చూస్తే జూన్, డిసెంబరు. డిసెంబరు పరీక్ష సరిగ్గా సార్వా మాసూళ్ల మీద పడుతుంది. రొయ్యల వాళ్లకి ఇంకా కష్టం, పట్టుబడి (రొయ్యలు పట్టడం) ఎప్పుడన్నది చెరువు చెప్పాలి, సెమిస్టరు కాదు.

దీనికి ప్రయాణం కలుస్తుంది. క్లాసులు విశాఖలో అయితే కాకినాడ నుంచి సుమారు 150 కిలోమీటర్లు, రాజమండ్రి నుంచి 190 దాకా. అమలాపురానికైతే రైలే లేదు. కోటిపల్లి–నరసాపురం లైను ఏళ్ల తరబడి పనుల్లోనే ఉంది. రావులపాలెం మీదుగా బస్సులో వెళ్లి రాజమండ్రిలో రైలెక్కే మనిషికి శనివారం క్లాసు అంటే శుక్రవారం రాత్రే మొదలు.

‘ఆవిష్కరణ’తో వచ్చిన తిప్పలు

రెండో మాట దగ్గర తెలుగు మనకి కాస్త అన్యాయం చేసింది. ఇన్నోవేషన్‌ని పత్రికల్లో ఆవిష్కరణ అంటారు. ఇన్వెన్షన్‌నీ ఆవిష్కరణే అంటారు. విగ్రహం మీద గుడ్డ లాగినా ఆవిష్కరణే. దాంతో ఇన్నోవేషన్ ఎంబీఏ అనగానే ల్యాబులో తెల్లకోటు వేసుకుని ఏదో కనిపెట్టే చదువనుకుంటారు.

కనిపెట్టడం వేరు, కనిపెట్టిందాన్ని నలుగురూ డబ్బిచ్చి వాడుకునేలా చెయ్యడం వేరు. ఈ చదువు రెండోదాని గురించి. ఆస్ట్రియా ఆర్థికవేత్త జోసెఫ్ షుంపీటర్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే దీన్ని ఐదు రకాలుగా విడదీశాడు: కొత్త సరుకు, కొత్త పద్ధతి, కొత్త మార్కెట్, ముడిసరుకు దొరికే కొత్త చోటు, వ్యాపారాన్ని అమర్చుకునే కొత్త తీరు. ఆయన డెల్టాకి రాలేదు గానీ, ఐదూ మన చెరువు గట్ల మీద కనిపిస్తాయి.

1990ల్లో ఇక్కడ టైగర్ రొయ్య రాజ్యమేలింది. తెల్లమచ్చ తెగులు దాన్ని దెబ్బకొట్టింది. 2009లో పసిఫిక్ తీరపు వనామీ రొయ్యకి కేంద్రం అనుమతిచ్చింది. తెగుళ్లు లేని తల్లిరొయ్యల్ని విదేశాల నుంచి తెచ్చి ఇక్కడి హేచరీల్లో సీడ్ (రొయ్య పిల్లలు) తీశారు. అది కొత్త సరుకూ, కొత్త చోటి ముడిసరుకూ. దాంతోపాటు నీటికి గాలి అందించే ఏరేటర్లు, సాంద్రత ఎక్కువ పెట్టి పెంచడం వచ్చాయి. అది కొత్త పద్ధతి. చిన్న రైతుల్ని సొసైటీలుగా కూడగట్టే పని కాకినాడ కేంద్రంగా ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ నాక్సా చేసింది. అది కొత్త అమరిక. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఎగుమతిదారులు వేరే దేశాల వైపు చూడాల్సి వచ్చింది. అది కొత్త మార్కెట్ వెతుకులాట.

ఇందులో వనామీని ‘కనిపెట్టినవాడు’ ఎవడూ లేడు. అది సముద్రంలో ఉన్న రొయ్యే.

ఒక చెరువు, ఒక మేత కంపెనీ, ఒక ప్రాజెక్టు

క్లాసులో దీన్ని ఎలా చెబుతారో చూడటానికి మేత మేనేజరు దగ్గరికే వెళ్దాం. చెరువులో రెండు టన్నుల రొయ్య తీశారనుకుందాం. ఎఫ్‌సీఆర్ 1.6, అంటే కిలో రొయ్యకి 1.6 కిలోల మేత ఖర్చయింది. మొత్తం 3,200 కిలోలు. చెక్ ట్రేలు (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లేలు) శ్రద్ధగా చూసి, మిగిలిన మేతని బట్టి తర్వాతి పూట తగ్గించి, ఎఫ్‌సీఆర్‌ని 1.4కి దించారు. ఇప్పుడు మేత 2,800 కిలోలు. 400 కిలోలు మిగిలింది. కిలో 90 రూపాయలనుకుంటే పంటకి 36,000. ఐదు చెరువులు, ఏడాదికి రెండు పంటలుంటే 3,60,000.

చెక్ ట్రే చూడటానికి ఎంబీఏ ఎందుకు? అక్కర్లేదు. ఆ పని టెక్నీషియన్లు, రైతులు ఎప్పటినుంచో చేస్తున్నారు. ఇన్నోవేషన్ చదువు మొదలయ్యేది దాని తర్వాతి ప్రశ్నల దగ్గర. మేత తగ్గింది ట్రేల వల్లనా, ఆ ఏడాది వాతావరణం బాగుండటం వల్లనా? తేల్చాలంటే ఏ చెరువుల్ని పాత పద్ధతిలోనే ఉంచి పోల్చాలి? ఐదు చెరువుల్లో పనిచేసింది ఐదొందల చెరువుల్లో పనిచేస్తుందా, అన్ని ట్రేలు చూసే మనుషులు ఎక్కడ? యంత్రం పెడితే దాని ఖరీదు ఎవరు భరించాలి?

అసలు ముడి ఇంకోచోట ఉంది. మన మేనేజరు జీతం వచ్చేది మేత అమ్మకాల మీద. రైతుకి 400 కిలోలు మిగిలాయంటే కంపెనీ 400 కిలోలు తక్కువ అమ్మినట్టు. మరి ఈ మంచి పద్ధతిని కంపెనీ ఎందుకు ప్రచారం చెయ్యాలి? తక్కువ మేతతో పంట తీయించే కంపెనీ అన్న పేరుతో పక్క కంపెనీ రైతుల్ని లాక్కోవచ్చా? మేత బస్తాకి కాకుండా ‘సలహా, సీడ్, మేత కలిపి పంటకింత’ అని ధర కట్టొచ్చా? సేల్స్ టార్గెట్లు కిలోల్లో ఉన్నంతకాలం ఫీల్డ్ స్టాఫ్ ఇది చేస్తారా? మంచి ఆలోచన సొంత కంపెనీలోనే ఎందుకు చచ్చిపోతుందో చూపించేది ఈ భాగమే. నాకు ఈ తరహా చదువులో నిజంగా విలువైనదిగా కనిపించేదీ ఇదే.

సిలబస్‌లో దీనికి డిజైన్ థింకింగ్ (వాడేవాళ్ల అవసరం నుంచి పరిష్కారం వెతకడం), కొత్త ఉత్పత్తుల రూపకల్పన, బిజినెస్ మోడల్, మేధోసంపత్తి హక్కులు, స్టార్టప్ పెట్టుబడి వంటి పేర్లుంటాయి. వాటి కింద అకౌంట్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్ లాంటి పాత ఎంబీఏ పునాది ఉంటుంది. కొన్నిచోట్ల పేరు మాత్రమే ఇన్నోవేషన్. 25 సబ్జెక్టుల్లో రెండే ఆ తరహావి, మిగతాది మామూలు ఎంబీఏ. కొన్నిచోట్ల రెండో ఏడాది సగం సొంత ప్రాజెక్టే. సబ్జెక్టుల జాబితాలో ప్రాజెక్టుకి ఎన్ని క్రెడిట్లున్నాయో లెక్కపెడితే ఏది ఏదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇది నేర్పితే వచ్చే విద్యేనా?

ఇక్కడ రెండు వర్గాలున్నాయి, రెండింటి దగ్గరా సరుకుంది.

పనిచేస్తూ చదవడమే సరైన పద్ధతి అనేవాళ్లలో కెనడా ప్రొఫెసర్ హెన్రీ మింట్స్‌బర్గ్ పేరు ముందు చెప్పాలి. అనుభవం లేని కుర్రాళ్లని తరగతిలో కూచోబెట్టి మేనేజర్లని చెయ్యలేమని, మేనేజ్‌మెంటు మేనేజర్లకే నేర్పాలని ఆయన వాదన. 1996లో ఆయన సాటివాళ్లతో మొదలుపెట్టిన కార్యక్రమంలో ఐఐఎం బెంగళూరు కూడా భాగస్వామి. ఆదివారం విన్నది సోమవారం చెరువు మీద చేసి చూసి, పై ఆదివారం ‘మీరు చెప్పింది మా దగ్గర పనిచెయ్యలేదు’ అని మాస్టారితోనే వాదించగలగడం ఫుల్‌టైమ్ విద్యార్థికి దొరకని భాగ్యం.

ఎదుటి వర్గం అడిగేది సూటి ప్రశ్న. వనామీని తెచ్చినవాళ్లలో, పూతరేకుల్ని బెల్లం, డ్రైఫ్రూట్స్‌తో పెట్టెలో సర్ది ఊళ్లు దాటించిన ఆత్రేయపురం ఆడవాళ్లలో ఎంతమందికి ఎంబీఏ ఉంది? ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెగువ, అప్పు పుట్టే పరపతి, నష్టం తట్టుకునే ఇల్లు, ఇవి క్లాసులో దొరకవని వాళ్ల మాట. పైగా డిగ్రీ లేకుండానే సలహా దొరికే చోట్లు పెరుగుతున్నాయి. కొత్త వ్యాపారాలకి సాయపడే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కి రాజమహేంద్రవరంలోనూ ఒక కేంద్రం పెట్టారు. ఆలోచన ఒక్కటే ఉన్నవాడు ఎంబీఏ కంటే ముందు అలాంటి చోటికి వెళ్లడమే చవక.

నాకు తోచేదేమంటే, ఈ తగువులో ఇద్దరూ ఒకే మనిషి గురించి మాట్లాడటం లేదు. కొత్తగా వ్యాపారం పెట్టేవాడికి డిగ్రీతో పని తక్కువ. ఇప్పటికే నడుస్తున్న కంపెనీలోనో, బ్యాంకులోనో, తండ్రి మిల్లులోనో పదిమందిని ఒప్పించి పద్ధతి మార్చాల్సినవాడికి అంకెల్లో మాట్లాడటం రావాలి. అది నేర్చుకుంటే వస్తుంది. మిల్లు కుర్రాడికి బాయిలరు మార్చడం కంటే నాన్నని ఒప్పించడమే పెద్ద ప్రాజెక్టు.

జీతగాడి లెక్క, యజమాని లెక్క

ఈ అంకెలు ఊహించినవే, పద్ధతి చూడండి. ఫీజు 8 లక్షలు. నెలకి రెండుసార్లు విశాఖ ప్రయాణం, బస, భోజనం కలిపి సారికి 3,000 చొప్పున 20 నెలలకి 1,20,000. మొత్తం 9,20,000. డిగ్రీ వల్ల చేతికొచ్చే జీతం నెలకి 12,000 పెరిగితే ఏడాదికి 1,44,000. పెట్టింది తిరిగి రావడానికి ఆరున్నరేళ్లకి దగ్గర. అప్పు చేస్తే వడ్డీ అదనం. పాత ఆదాయపన్ను విధానంలో ఉన్నవాళ్లకి విద్యారుణం వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు.

అదే మనిషి ఏడాదికి 6 లక్షల ఉద్యోగం మాని, 20 లక్షల ఫీజుతో రెండేళ్ల ఫుల్‌టైమ్ చేస్తే పోయేది 32 లక్షలు. అక్కడ క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఉంటుంది. పార్ట్‌టైమ్‌లో సాధారణంగా ఉండదు, ఎందుకంటే మీరు ఉద్యోగంలోనే ఉన్నారు. తక్కువ పెట్టుబడి, తక్కువ మలుపు.

ఎలాగూ వచ్చే ఇంక్రిమెంటుని ఈ 12,000లో కలిపేసుకోవడం అందరూ చేసే పొరపాటు. ఇక మిల్లు యజమానికి, చెరువులున్నవాడికి జీతం పెరగడమే ఉండదు. వాళ్లకి పైన చూసిన 3,60,000 లాంటి అంకె ఒక్కటే లెక్క. అందులో చదువు వల్ల వచ్చిందెంత, టెక్నీషియన్ వల్ల వచ్చిందెంత అన్నది కూడా నిజాయితీగా విడదీసుకోవాలి.

అమెరికా సంబంధం

‘మా పిన్ని కొడుకు డాలస్‌లో పార్ట్‌టైమ్ ఎంబీఏ చేస్తున్నాడు, మనమూ అలా వెళ్లొచ్చు కదా’ అనేవాళ్లున్నారు. అతను బహుశా అక్కడ ఉద్యోగ వీసా మీద ఉండి సాయంత్రాలు చదువుతూ ఉంటాడు. ఇక్కడి నుంచి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లు ఫుల్‌టైమ్ చదవాల్సిందే. పార్ట్‌టైమ్ కోర్సు పేరు మీద ఆ వీసా రాదు.

ప్రాజెక్టులో రాసింది ఎవరి సొత్తు?

కౌన్సెలర్లు ఎత్తని సంగతి ఒకటి మిగిలింది. ఇన్నోవేషన్ కోర్సులో మంచి ప్రాజెక్టు అంటే సొంత పనిచోటు నుంచి తెచ్చిన నిజమైన సమస్య. నిజమైన సమస్యలో నిజమైన అంకెలుంటాయి: ఏ రైతుకి ఎంత అప్పు మీద మేత ఇచ్చారు, ఏ ఊళ్లో ఎంత అమ్మకం, మిల్లులో క్వింటా ధాన్యానికి ఎన్ని కిలోల బియ్యం, ఎంత నూక. మన వైపు లోకం చిన్నది. మీ బెంచీ మీద పక్కన కూచున్నది పోటీ కంపెనీ మేనేజరే కావచ్చు, బియ్యం కొనే వ్యాపారి బావమరిదీ కావచ్చు.

ఉద్యోగి అయితే ఆ అంకెలు కంపెనీవి. అపాయింట్‌మెంట్ ఆర్డర్లో గోప్యత షరతు ఉందేమో చూసుకోవాలి. పని చేస్తుండగా తయారుచేసినదానిపై హక్కు కంపెనీదేనని కూడా చాలా ఆర్డర్లలో ఉంటుంది. కంపెనీయే ఫీజు కడితే ఇన్నేళ్లు మానకూడదని బాండు రాయించుకోవడం కూడా మామూలే. ప్రభుత్వ ఉద్యోగి అయితే ముందు శాఖ అనుమతి కావాలి. యూనివర్సిటీ వైపు నుంచి కూడా ప్రాజెక్టు రిపోర్టు లైబ్రరీలో ఎవరైనా చదవొచ్చా, కొన్నాళ్లు మూసి ఉంచుతారా అన్నది తేలాలి. మేత మేనేజరు తన ఎఫ్‌సీఆర్ ప్రాజెక్టుని గ్రామాల పేర్లు తీసేసి, అంకెల్ని శాతాల్లోకి మార్చి కూడా రాసుకోవచ్చు. మార్కులు తగ్గవు. మండపేట కుర్రాడికి సంతకం పెట్టించుకోవాల్సిన యజమాని ఇంట్లోనే ఉన్నాడు. నూక శాతం బయటికి చెప్పడానికి ఆయన ఒప్పుకుంటాడా అన్నది ఫీజు కట్టకముందే భోజనాల దగ్గర అడిగి చూడొచ్చు.